ప్రోటీన్ కూర్చునే చోటు

మా చింతాద్రిపేట వీధిలో నేను జీన్స్ కంపెనీలో పనిచేసి రిటైరయ్యానని నమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో మా పెద్దమ్మ ఏం పని అని అడిగితే "జీన్స్ మీద పని" అన్నాను. మాది నేతవాళ్ల కుటుంబం. మగ్గాలు మా తాతల నాడే పోయాయి. ఇన్నాళ్లకు మళ్లీ ఒకరు గుడ్డల పనిలోకి వచ్చారని ఆమె సంతోషించింది. సౌకార్‌పేటలో ఆమెకు తెలిసిన టోకు వ్యాపారి ఒకాయన, సరుకు నేరుగా ఇప్పిస్తే తీసుకుంటానని కబురు కూడా పెట్టాడు. అప్పుడు సరిదిద్దాను. ఇది జన్యువుల సంగతి, నేను కంప్యూటర్లో ప్రోగ్రాములు రాస్తాను అని చెప్పాను. ఆమె అంతా విని, "అయితే గుడ్డ ఎవురు నేస్తారు?" అంది. ఆ తర్వాత సరిదిద్దడం మానేశాను.

ఈ పనిలోకి ఇప్పుడు చాలామంది పిల్లలు వస్తున్నారు. ఏ కోర్సు చేయాలో, ఏ కంప్యూటర్ భాష నేర్చుకోవాలో వాళ్లకు చెప్పేవాళ్లు కావలసినంతమంది ఉన్నారు. పని లోపల ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ. అందుకని ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు, అవార్డులు ఇందులో ఉండవు. మొదటివి ఆలస్యంగా వచ్చాయి, రెండోవి రాలేదు.

పని ఏమిటంటే

చెన్నైలో ఒక పరిశోధన సంస్థ. పేరు చెప్పను. ఎందుకంటే అందులో ఇంకా మంచివాళ్లు పనిచేస్తున్నారు. మొక్కల జన్యువుల విభాగంలో నేను ప్రోగ్రామర్‌ని.

డీఎన్‌ఏ అంటే నాలుగే అక్షరాలతో రాసిన చాలా పొడవైన రాత. అందులో అక్కడక్కడా జన్యువులుంటాయి. ఒక జన్యువు ఎప్పుడు పనిచేయాలి, ఎప్పుడు ఊరుకోవాలి అన్నది చాలావరకు దానికి ముందుండే భాగం తేలుస్తుంది. ఆ భాగాన్ని ప్రమోటర్ అంటారు. కొన్ని ప్రోటీన్లు వచ్చి ప్రమోటర్‌లో తమకు నచ్చిన చోట కూర్చుంటాయి. కూర్చుంటే జన్యువు పని మొదలుపెడుతుంది, లేదా ఆపేస్తుంది. వీటికి ట్రాన్‌స్క్రిప్షన్ ఫాక్టర్లని పేరు. ఒక్కోదానికి ఒక్కో మాట ఇష్టం. మాటంటే ఆరో ఎనిమిదో అక్షరాలు. మీరు ఒక ప్రమోటర్ ఇస్తే, ఏ ప్రోటీన్‌కు నచ్చే మాట అందులో ఎక్కడెక్కడ ఉందో చూపించే ప్రోగ్రాం రాయడం, దాన్ని నడపడం, దాని మీద వచ్చే ఫిర్యాదులు వినడం నా ఉద్యోగం.

చిక్కు ఒకటుంది. నాలుగే అక్షరాలున్న రాతలో ఆరు అక్షరాల మాట ఊరికే కూడా తగులుతుంది. సౌకార్‌పేటలో నడుస్తూ బోర్డు మీద 'శ్రీ' ఉన్న కొట్లు లెక్కపెట్టండి. వీధి మలుపు రాకముందే బంగారం కొట్టు, గిన్నెల కొట్టు, తాకట్టు కొట్టు, గాజుల కొట్టు అన్నీ వచ్చేస్తాయి. 'శ్రీ' నిజంగానే అక్కడ ఉంది. మీరు తప్పు చదవలేదు. మీకు కావలసింది గాజుల కొట్టయితే మాత్రం 'శ్రీ' వల్ల మీకు తెలిసిందేమీ లేదు. మా ప్రోగ్రాం కూడా అంతే. అది చూపించిన చోట ఆ మాట ఉంటుంది. ప్రోటీన్ వచ్చి అక్కడ కూర్చుంటుందని ఎవరూ హామీ ఇవ్వలేదు.

ఇంకో సంగతి. మీరు అడిగిందే తప్పు అని ప్రోగ్రాం ఎప్పుడూ అనదు. ఒక వ్యవసాయ కళాశాల ప్రొఫెసర్ గారు తను పరిశోధిస్తున్న జన్యువు ప్రమోటర్ అనుకుని దాని వెనక భాగం పంపించారు. డీఎన్‌ఏలో కొన్ని జన్యువులను ఎడమ నుంచి కుడికి చదవాలి, కొన్నిటిని కుడి నుంచి ఎడమకి. ఆయనది రెండో రకం. ప్రోగ్రాం ఆ వెనక భాగంలోనే బోలెడు చోట్లు చూపించింది. ఆయన వాటికి ఒక్కొక్కదానికి కారణం కూడా రాసుకున్నారు. నేను ఫోన్ చేసి సంగతి చెబితే, "అవతలి వైపు వెతికినా ఇన్ని వస్తాయా?" అని అడిగారు. వస్తాయన్నాను. "అయితే పర్వాలేదు" అన్నారు.

డాక్టర్ గారు

మా విభాగానికి పెద్ద, డాక్టర్ ప్రభాకరరావు గారు. గుంటూరు వైపు మనిషి. మొక్కల గురించి ఆయనకు తెలిసినంత తెలిసినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. ఆకు పట్టుకుని చూసి, దీనికి నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో చెప్పేవారు. అదే మనిషి కంప్యూటర్ తెర మీద రంగు గీతలు కనపడితే చాలు, ఏదైనా నమ్మేవారు. ఈ రెండు గుణాలు ఒకే మనిషిలో ఉండటం అరుదేమీ కాదని తర్వాత తెలుసుకున్నాను.

మేము మద్రాసులో ఎన్నో తరాలుగా ఉన్నవాళ్లం. ఇప్పుడు రాస్తున్న తెలుగు వేరు, నేను ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు. నోటి వెంట 'ఈడ', 'ఆడ' వస్తే డాక్టర్ గారికి నవ్వొచ్చేది.

"ఈడ కాదండీ కల్యాణి గారూ, ఇక్కడ. మీ మద్రాసు తెలుగుకి డిక్షనరీ దొరకదు" అనేవారు.

"మా తాతలు మీకంటే ముందే ఈడికి వచ్చినారు సార్" అనేదాన్ని. ఇలా మా మధ్య ఏళ్ల తరబడి జరిగింది. విరోధం లేదు.

ప్రోగ్రాంకి పేరు ఆయనే పెట్టారు. నాలుగైదు ఇంగ్లీషు మాటలు తీసుకుని, వాటి అక్షరాలను ఎంతో కష్టపడి కలిపి, 'వసుధ' అని తేల్చారు. అది ఆయన భార్య పేరు. ఆ ఇంగ్లీషు మాటలు ఏమిటో కొన్నాళ్లకు ఎవరికీ గుర్తులేదు. పేరు మాత్రం నిలిచింది. "వసుధ ఏమంది?", "వసుధ చెప్పాక ఇంకేముంది?" అని సమావేశాల్లో గంభీరంగా మాట్లాడుకునేవాళ్లం.

మొదట్లో వసుధ కొందరికి ఏమీ చూపించేది కాదు. 'ఏమీ దొరకలేదు' అని ఒక్క లైను వచ్చేది. దాని మీద ఫిర్యాదులు వచ్చాయి. డాక్టర్ గారు నన్ను పిలిచారు.

"మన గుమ్మం తొక్కినవాళ్లు ఖాళీ చేతులతో వెళ్లకూడదండీ" అన్నారు.

"లేకపోతే ఏం చూపించమంటారు సార్?"

"కొంచెం పట్టు సడలించండి. దగ్గర దగ్గరగా ఉన్నవి కూడా రానివ్వండి."

ఆయన పెద్ద, నేను ప్రోగ్రామర్‌ని. పట్టు సడలింది. అప్పటినుంచి వచ్చినవాళ్లందరికీ ఏదో ఒకటి దొరికింది. వాడేవాళ్లు పెరిగారు. సంస్థ వార్షిక నివేదికలో వసుధకు ఒక పేజీ కేటాయించారు. పెళ్లి భోజనాల్లో చెల్లే సూత్రం ప్రయోగశాలలో కూడా చెల్లుతుందని అప్పుడే తెలిసింది. అది మంచి సంగతి అని మాత్రం అనను.

ఎన్నూరు నుంచి వచ్చిన అమ్మాయి

ఎస్తేర్ రాణి మా విభాగంలో పీహెచ్‌డీకి చేరింది. ఎన్నూరు అమ్మాయి. వాళ్ల నాన్న దావీదు అక్కడి థర్మల్ స్టేషన్‌లో బొగ్గు మోసే బెల్టు దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసేవాడు. నెల్లూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగు, బయట తమిళం, మా ల్యాబ్‌లో ఇంగ్లీషు. నాతో మాత్రం, మాట నొక్కి చెప్పాలంటే తమిళం 'దా' తగిలించే ఇంటి తెలుగే మాట్లాడేది. నాకూ నోరు హాయిగా ఉండేది.

ఎన్నూరు ఉప్పుటేటి ఒడ్డున తెల్లమడ చెట్లుంటాయి. ఉప్పు నీళ్లలో, బూడిద కలిసిన బురదలో కూడా అవి బతుకుతాయి. ఉప్పు పెరిగినప్పుడల్లా ఆ చెట్టులో ఒక జన్యువు పని మొదలుపెడుతుంది. దాన్ని మొదలుపెట్టించే చోటు ప్రమోటర్‌లో ఎక్కడుందో కనుక్కోవాలి. అది తెలిస్తే, ఉప్పు తేలిన పొలాల్లో పండే వరిని తయారుచేసే పనికి ఒక దారి దొరుకుతుంది. ఎస్తేర్ పని అదీ.

పద్ధతి చెబుతాను, కష్టమేమీ కాదు. తెల్లమడ ప్రమోటర్‌ను కోసి తెచ్చి, నీలం రంగు పుట్టించే ఒక జన్యువు ముందు అతికిస్తారు. దాన్ని పొగాకు మొక్కలో పెడతారు. మొక్కకు ఉప్పు నీళ్లు పోసి, ఆకు తుంచి మందులో వేస్తే, ప్రమోటర్ పనిచేస్తుంటే ఆకు నీలమవుతుంది. పనిచేయకపోతే రంగు రాదు.

ఎస్తేర్ ముందుగా ఆ ప్రమోటర్‌ను వసుధకు ఇచ్చింది. వసుధ నలభై దాకా చోట్లు చూపించింది. అన్నిటికంటే ఎక్కువ స్కోరు వచ్చిన చోటు, ఇతర మొక్కల్లో ఉప్పుకు స్పందిస్తుందని పేరున్న ఒక ప్రోటీన్‌ది. డాక్టర్ గారి ఆనందం చెప్పలేను. ప్రయోగం మొదలుకాకముందే విదేశంలో ఒక సదస్సులో ఆ చోటు గురించి మాట్లాడి వచ్చారు. చప్పట్లు కొట్టారట.

ఆ తర్వాత ఎస్తేర్ ఆ చోటును విరగ్గొట్టింది. అంటే అక్కడి అక్షరాలు మార్చేసింది. మాట పోయింది కాబట్టి ప్రోటీన్ కూర్చోలేదు, ఆకు నీలం కాకూడదు. ఆకు నీలమైంది.

"సరిగ్గా విరగ్గొట్టావా అమ్మా?" అని డాక్టర్ గారు అడిగారు.

"మళ్లీ చదివి చూసినాను సార్. అక్షరాలు మారిపోయే ఉండాయి."

"ఇంకోసారి చెయ్యి."

ఇంకోసారి చేసింది. ఇంకోసారి నీలమైంది. తప్పు మందుదన్నారు, మందు మార్చింది. పొగాకు రకానిదన్నారు, రకం మార్చింది. చివరికి చెన్నై నీళ్లదన్నారు. చెన్నై నీళ్ల మీద ఎవరు ఏ నేరం మోపినా కాదనేవాళ్లుండరు కాబట్టి దాని మీద కొన్ని నెలలు పోయాయి. ఆకులు మాత్రం నీలమవుతూనే ఉన్నాయి.

ఆమె ఫెలోషిప్ ముగింపుకొచ్చింది. అప్పుడు డాక్టర్ గారు, ఆయన దృష్టిలో దయగానే, ఒక దారి చెప్పారు. "ఆ విరగ్గొట్టిన అధ్యాయం వదిలెయ్యమ్మా. చోటు ఉందని వసుధ చెప్పింది, ప్రమోటర్ పనిచేస్తోందని నువ్వు చూపించావు. రెండూ నిజాలే. వేసవి లోపు థీసిస్ ఇచ్చెయ్యొచ్చు."

రెండూ నిజాలే. ఆ మాట వాస్తవం. పక్కపక్కన పెడితే అవి అబద్ధమవుతాయని ఆయనకు తెలియదని నేను అనుకోను.

క్యాంటీన్‌లో

మర్నాడు మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఎస్తేర్ నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ప్లేటులో పెరుగన్నం ఉంది గానీ తినడం లేదు.

"అక్కా, ఒకటి అడగతా. కోపం చేసుకోకూడదు."

"అడుగు."

"ఆ ప్రోగ్రాం మీరు రాసింది దా. ఆ చోటు నిజమా?"

ఇంతకాలం ఆ ప్రశ్న ఎవరూ అడగకపోవడం నాకు వింతగా అనిపించింది. "ఆ మాట ఆడ ఉండేది నిజం. ప్రోటీన్ వచ్చి కూర్చుంటాదా అనేది నాకు తెలీదు" అన్నాను.

"స్కోరు అంత ఇచ్చిందే?"

"స్కోరంటే మనకి ముందే తెలిసిన మాటకి అది ఎంత దగ్గిరగా ఉండాదో చెప్పేది. అంతే దా."

"ఇది సార్‌కి చెప్పినారా?"

"చెప్పినా. మాన్యువల్లో కూడా రాసినా."

"మాన్యువల్ ఎవురు చదవతారక్కా" అంది. నాకు తెలిసి దాన్ని చదివింది ప్రూఫులు దిద్దినతను ఒక్కడే.

పెరుగన్నం కలుపుతూ మళ్లీ తనే అంది. "వదిలేసి థీసిస్ ఇచ్చేయొచ్చు. నాయన సంతోషపడతాడు. కానీ రేపు నా మాదిరి ఇంకో పిల్ల అది చదివి, నిజమనుకుని వరిలో పెడతాది. దానికీ పనిచెయ్యదు. దాని సార్ కూడా ఇంకోసారి చెయ్యి, ఇంకోసారి చెయ్యి అంటా ఉంటాడు. ఆ పిల్ల తన చేతిదే తప్పనుకుని ఏడస్తాది. నేను అట్టే ఏడిచినాను గదక్కా."

"ఫెలోషిప్ అయిపోతే?"

"అదే దా తెలీడం లేదు. ఇంట్లో ఏం చెప్పేది?"

నేను ధైర్యవంతురాలిని కాను. కొన్ని నెలల్లోనే వసుధ రెండో దశ గ్రాంటు మీద రివ్యూ కమిటీ రావలసి ఉంది. నా ప్రోగ్రాం చెప్పేది నమ్మకండని నేనే అంటే ఏమవుతుందో ఊహించుకోవడానికి ప్రోగ్రాం అక్కర్లేదు. కానీ ఆ అమ్మాయి కన్నీళ్లకు కారణమైన స్కోరు లెక్కగట్టే నాలుగు లైన్లూ నేను రాసినవే. అవి చేయలేని పనిని వాటి నెత్తిన పెడుతుంటే చూస్తూ ఊరుకోవడం కూడా కష్టంగానే ఉంది.

రెండు కాగితాలు

మా విభాగంలో శుక్రవారం సమావేశం ఉండేది. ఆ శుక్రవారం నేను రెండు కాగితాలు తీసుకెళ్లాను. ఒకదాని మీద ఒకటి అంకె, ఇంకోదాని మీద రెండు అంకె. రెండిటి మీదా వసుధ గీసిన బొమ్మే. పొడవైన గీత, దాని మీద చోట్లు చూపించే రంగు గళ్లు.

"సార్, ఈ రెండిట్లో తెల్లమడ ప్రమోటర్ ఏదో చెప్పగలరా?" అన్నాను.

"రెండోది ఏ మొక్కది?"

"అది తర్వాత చెబుతాను సార్."

ఆయనకు ఇలాంటివి ఇష్టం. కళ్లజోడు పెట్టుకుని రెండూ పక్కపక్కన పరిచారు. పిల్లలు చుట్టూ చేరారు. కాసేపు చూసి రెండో కాగితం మీద వేలు పెట్టారు.

"ఇదిగో, ఇది చూడండి. ఉప్పుకి స్పందించే చోటు. దాని పక్కనే కరువుకి స్పందించేది. ఆ వెనకే హార్మోన్‌ది. మూడూ ఒక గుంపుగా ఉన్నాయి. ఇది ఊరికే రాదండీ. ఉప్పు నీళ్లలో బతికే చెట్టుకి ఈ మూడూ కలిసి పనిచేయాలి. మొదటిదాంట్లో చూడండి, అన్నీ చెల్లాచెదరుగా ఉన్నాయి. ఇదేదో మామూలు మొక్క. రెండోదే తెల్లమడ."

చాలా బాగా చెప్పారు. ఇద్దరు పిల్లలు రాసుకున్నారు కూడా.

"కాదు సార్. మొదటిదే తెల్లమడ" అన్నాను. "రెండోది ఆ ప్రమోటర్ అక్షరాలనే పేకముక్కలు కలిపినట్టు కలిపేసి, వరస లేకుండా పేర్చింది. అట్టాంటి మొక్క యాడా లేదు."

కంగారులో 'యాడా' అనేశాను. ఆయన సరిదిద్దలేదు.

రాసుకున్న ఇద్దరిలో ఒకడు పెన్ను మూత పెట్టేశాడు. ఎస్తేర్ నేల చూస్తోంది. డాక్టర్ గారు కాగితాలు రెండూ మళ్లీ చూశారు.

"ఇంకోసారి కలిపితే?" అన్నారు.

"అప్పుడూ ఇంచుమించు ఇన్నే వస్తాయి సార్. చాలాసార్లు కలిపి చూశాను. ఈ గుంపు కూడా ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు."

ఆయన కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నారు. "టీ తాగుదాం" అని లేచారు. మేమందరం టీకి వెళ్లాం. ఆయన రాలేదు.

వసుధ గారి అభిప్రాయం

తర్వాత కొన్ని వారాలు ఆయన నాతో మాట్లాడలేదు. క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర చోటు సులువుగా దొరికేది. పక్క విభాగం సహోద్యోగి ఒకావిడ, "రివ్యూకి ముందు ఇట్టాంటి పని ఎవరైనా చేస్తారా?" అని మందలించింది. గొప్ప పని చేశానని నాకు ఎప్పుడూ అనిపించలేదు. పెన్షన్ గురించి మాత్రం తరచుగా ఆలోచించాను.

ఒకరోజు ఆయన గదికి పిలిచారు.

"కూర్చోండి. ఆ కాగితాలు ఇంటికి తీసుకెళ్లాను. మా ఆవిడకి చూపించాను."

ఆయన భార్య వసుధ గారు కాలేజీలో గణితం చెప్పి రిటైరయ్యారు.

"ఏమన్నారు సార్?"

"రెండూ ఒకేలా ఉన్నాయి కదండీ, ఇందులో ఎంచడానికేముంది, అంది."

కాసేపు కిటికీలోకి చూశారు. "ఆవిడ పేరే పెట్టాం" అన్నారు.

ఆ తర్వాత ఎస్తేర్‌ను పిలిపించారు. వసుధను పక్కన పెట్టి, ప్రమోటర్‌ను జన్యువుకు దూరంగా ఉన్న చివరినుంచి కొంచెం కొంచెంగా కోసుకుంటూ రమ్మన్నారు. ఎక్కడ కోస్తే నీలం ఆగిపోతుందో చూడమన్నారు. తన వేరే ప్రాజెక్టులో సహాయకురాలిగా ఆమెను పెట్టి, జీతం ఆగకుండా చూశారు. పొరబడ్డానని ఆయన నోటితో ఎప్పుడూ అనలేదు. కానీ జీతం కాగితం మీద సంతకం పెట్టారు. పొరబడ్డానని చక్కగా చెప్పి, సంతకం దగ్గర తప్పించుకున్న పెద్దలను తర్వాత చాలామందిని చూశాను. ఈయనే నయం.

ఎస్తేర్ కోస్తూ వచ్చింది. ఆకులు నీలం, నీలం, నీలం. జన్యువుకు బాగా దగ్గరికి వచ్చాక ఒక ముక్క తీసేస్తే రంగు రాలేదు. ఆ ముక్కలో కొద్ది కొద్దిగా అక్షరాలు మారుస్తూ పోతే చివరికి ఎనిమిది అక్షరాల మాట ఒకటి తేలింది. అది పోతే ఉప్పు ఎంత పోసినా మొక్కకు పట్టదు. ఆమె పరుగున నా గదికి వచ్చింది. ఇద్దరం వసుధ ఇచ్చిన పట్టీ తీసి వెతికాం. ఆ చోటు ఉంది. ఎవరూ తిప్పని చివరి పేజీలో, చివరికి కొంచెం పైన, స్కోరు లేదన్నంత తక్కువతో ఉంది.

కారణం అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. వసుధకు మేము నేర్పిన మాటలన్నీ ప్రపంచంలో బాగా పరిశోధించిన నాలుగైదు మొక్కలనుంచి ఏరినవి. తెల్లమడ అదే పని చేసే మాటను కొంచెం వేరుగా రాసుకుంటుంది.

"మన తెలుగు మాదిరే అక్కా" అంది ఎస్తేర్. "'ఇక్కడ' అని ఎతికితే 'ఈడ' దొరకదు గదా."

"ఈ మాట సార్‌కి చెప్తావా?"

చెప్పింది. ఆయన నవ్వారని కూడా చెప్పింది. నేను చూడలేదు కాబట్టి ధ్రువీకరించలేను.

రివ్యూ కమిటీ వచ్చేసరికి వసుధలో ఒక మార్పు చేశాం. ఏ ప్రమోటర్ ఇచ్చినా, అందులో ఎన్ని చోట్లు దొరికాయో దాని పక్కనే, అవే అక్షరాలను కలిపేస్తే ఎన్ని దొరుకుతాయో కూడా చూపిస్తుంది. చాలాసార్లు రెండు అంకెలూ ఒకటే. వాడేవాళ్లు బాగా తగ్గిపోయారు. అది ఆరోగ్యకరమైన మార్పని నా అభిప్రాయం. కమిటీ అభిప్రాయం వేరు. గ్రాంటు సగం చేశారు.

ఇప్పుడు చేరేవాళ్లకు

ఇప్పటి ప్రోగ్రాములు మాటలు ఏరి నేర్పించే పని లేకుండా లక్షల ప్రయోగాల ఫలితాలు చదివి తమంతట తామే నేర్చుకుంటున్నాయి. వసుధ కంటే చాలా మెరుగు. పాతకాలమే బాగుందనే ముసలితనం నాకు ఇంకా రాలేదు. వాడండి. కానీ మీ ప్రశ్న అడిగే ముందు ప్రోగ్రాంకి కలిపేసిన అక్షరాలు ఒకసారి ఇచ్చి చూడండి. అప్పుడు కూడా అంతే ఉత్సాహంగా జవాబు చెబితే జాగ్రత్తపడండి. 'ఏమీ దొరకలేదు' అని తెర మీద రావడానికి సిగ్గుపడకండి, పక్కవాళ్లను సిగ్గుపడనివ్వకండి. ఆకును మందులో వేసేవాళ్లతో కలిసి భోంచేయండి. మీ ప్రోగ్రాం తప్పులు వాళ్లకే ముందు తెలుస్తాయి. వాళ్లేమో తప్పు తమదనుకుంటారు.

జీతాల గురించి, ఉద్యోగాల గురించి నన్ను అడిగేవాళ్లున్నారు. దానికి నా దగ్గరున్న అనుభవం ఎస్తేర్ వైవా రోజుది.

ఆ రోజు దావీదు సెలవు పెట్టి, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. చివరి వరసలో కూర్చుని, ఇంగ్లీషులో సాగిన ఆ మాటలన్నీ కదలకుండా విన్నాడు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు ఎస్తేర్‌ని, "మీ విభాగం ప్రోగ్రాం ముందుకు పెట్టిన చోటు తప్పని మీరే రాశారు. మీ గైడ్ దీనికి ఒప్పుకున్నారా?" అని అడిగాడు. ఎస్తేర్ డాక్టర్ గారి వైపు చూసింది. ఆయన, "థీసిస్ ఆ అమ్మాయిదండీ. అమ్మాయినే అడగండి" అన్నారు. ఎస్తేర్ ఆకుల ఫోటోలు మళ్లీ మొదటినుంచి చూపించింది. పరీక్షకుడు ఇంకేమీ అడగలేదు.

తర్వాత బయట సమోసా, టీ పెట్టారు. దావీదు నా దగ్గరికి వచ్చాడు. తమిళం అలవాటులో 'అమ్మా' అనే చోట 'మా' అంటాడు.

"కల్యాణి అక్క అంటే మీరు దానా మా?"

"అవునన్నా."

"పాప ఇంట్లో మీ పేరు చెప్తా ఉంటాది. ఒకటి అడగతా, తప్పుగా అనుకోకూడదు. ఇంత చదివింది గదా. పాపకి ఉజ్జోగం వస్తాదా?"

ప్రతి జవాబు పక్కనా అది ఎంతవరకు నమ్మొచ్చో ఒక అంకె వేసి ఇవ్వడం నా వృత్తి. ఇక్కడ వేయడానికి అంకె లేదు. మా సంస్థలోనే డాక్టరేట్ ఉన్నవాళ్లు కొందరు ఆరేసి నెలల కాంట్రాక్టు మీద, ఈసారి పొడిగిస్తారో లేదోనని చూసుకుంటూ పనిచేస్తున్నారు. ఆయన చేతిలో టీ అలాగే ఉంది.

"వస్తాదన్నా" అన్నాను.

"ఎప్పుడు?"

ఎస్తేర్ వెనకనుంచి వచ్చి, "నాయనా, అక్కది యాడుందో చెప్పే పని. ఎప్పుడని అడగబాక" అంది. అది సబబైన మాటే అన్నట్టు ఆయన తల ఊపి, టీ తాగాడు.

వెంటనే రాలేదు. ఆమె ఒక ప్రైవేటు కాలేజీలో తక్కువ జీతానికి పాఠాలు చెప్పింది. ఒక కంపెనీలో నచ్చని పని చేసింది. ఇంటర్వ్యూలకు వెళ్లి వచ్చింది. మధ్యలో ఒకసారి, ఇంక చాలు అక్కా, వదిలేస్తా అంది. నేను వద్దనీ అనలేదు, సరే అనీ అనలేదు. తను మాత్రం వదల్లేదు.

ఒక మధ్యాహ్నం ఇంట్లో ఉండగా ఫోన్ మోగింది. ఎస్తేర్ కాదు, దావీదు. వెనక ఎన్నూరు రోడ్డు మీద లారీల రొద.

"మా, వచ్చేసింది" అన్నాడు.

"యాడ అన్నా?"

"గూడూరులో. గవర్మెంటు కాలేజీ. పర్మనెంటు మా."

తన జీవితమంతా కాంట్రాక్టు మీద గడిపిన మనిషి. లారీ హారన్‌లో నాకు వినపడలేదేమోనని గొంతు పెంచి మళ్లీ చెప్పాడు, "పర్మనెంటు." నాకు మొదటిసారే వినపడింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.